దఫ్తరం విప్పమన్న చట్టం

కడప, కర్నూలు జిల్లాల్లో రైతుకు ఎంత భూమి ఉందో రైతు కంటే కరణానికే బాగా తెలిసేది. ఏ సర్వే నంబరులో ఎన్ని సెంట్లు, పట్టా ఎవరిది, అనుభవం ఎవరిది, ఈ ఏడు కొర్ర వేశారా జొన్న వేశారా, శిస్తు ఎంత, బకాయి ఎంత, అంతా ఆయన లెక్కల్లో ఉండేది. ఆ లెక్కలేమో ఆయన ఇంట్లో ఉండేవి. చూడాలంటే ఆయన అరుగెక్కాలి. ఆ అరుగు ఎక్కనిచ్చే కులాలు ఊళ్లో కొన్నే.

నేను రెవెన్యూ శాఖలో జూనియర్ అసిస్టెంటుగా చేరి డిప్యూటీ తహశీల్దారుగా రిటైరయ్యాను. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చాక మా మండలంలో పౌర సమాచార అధికారి బాధ్యత నా మీదే పడింది. రిటైరయ్యాక దరఖాస్తులు రాసిపెట్టే పనిలో పడ్డాను. కాగితం ఇచ్చే బల్ల దగ్గరా కూర్చున్నాను, కాగితం అడిగేవాళ్ల వరసలోనూ నిలబడ్డాను. అందుకే ఈ చట్టాన్ని ఎవరిని అడిగి రాశారు, ఎవరిని అడగకుండా దిద్దారు అన్నది ఢిల్లీ సంగతి అని ఊరుకోలేను. జనాన్ని అడగడం, చెప్పింది రాసుకోవడం, రాసుకున్నది దాచెయ్యడం మా సీమలో రెండు వందల ఏళ్లుగా నడుస్తున్న వ్యవహారం.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కుంఫిణీకి వదిలేశాడు. అప్పటి నుంచి మనవి దత్తమండలాలయ్యాయి. కర్నూలు మాత్రం 1839 దాకా నవాబు చేతిలోనే ఉంది. థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. పొలం పొలానా కొలిపించాడు, జమీందారుతో కాకుండా రైతుతోనే నేరుగా శిస్తు మాట్లాడే పద్ధతి పెట్టాడు. దాంతోపాటు ఏటేటా జమాబందీ. దొర డేరా వేసుకుంటాడు, చుట్టుపక్కల ఊళ్ల కరణాలు లెక్కలు పట్టుకొస్తారు, రైతులు వస్తారు, ఎవరి శిస్తు ఎంతో అక్కడ తేలుతుంది. పైకి చూస్తే బహిరంగ విచారణే. కానీ లెక్క చదివేది కరణం, ఆ లెక్క సరైందో కాదో పోల్చుకోవడానికి రైతు చేతిలో కాగితం ముక్క ఉండేది కాదు. తన భూమి సంగతి తన ముందే చదువుతుంటే వినడం తప్ప అతను చేయగలిగింది తక్కువ.

అదే కాలంలో కాలిన్ మెకంజీ సర్వే చేస్తూ ఊళ్ల చరిత్ర సేకరింపజేశాడు. ఊరు ఎప్పుడు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, ఏ గుడికి ఎంత మాన్యం, ఏ పాలెగాడు ఎప్పుడు దోచుకున్నాడు, ఇవన్నీ ఆయన మనుషులు ఊరూరా తిరిగి అడిగి రాసుకున్నారు. కరణాల కవిలెలు చూసి నకళ్లు దించుకున్నారు. అవే కైఫియత్తులు. అవి మద్రాసు చేరాయి. తర్వాత కడపలో పనిచేసిన సి.పి. బ్రౌన్ వాటి మీద శ్రద్ధ పెట్టి నకళ్లు రాయించాడు. ఇప్పుడు కడపలో ఆయన పేరు మీదున్న భాషా పరిశోధన కేంద్రం కడప జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా అచ్చువేసింది. వాటిని చదువుతుంటే నాకు సంతోషంతోపాటు కొంచెం కోపమూ వస్తుంది. మా ఊళ్ల పెద్దలు నోరారా చెప్పిన మాట మా ఊళ్లవాళ్లు చదవగలిగేలా తిరిగి రావడానికి దాదాపు రెండు వందల ఏళ్లు పట్టింది.

అడిగి, విన్నదాన్ని వెంటనే అచ్చువేసిన సందర్భమూ ఒకటి ఉంది. శిస్తు వసూలు కోసం రైతుల్ని ఎండలో నిలబెడుతున్నారని, వంగబెట్టి కట్టేస్తున్నారని, వేళ్లు కట్టెల మధ్య బిగిస్తున్నారని మద్రాసులో గాజుల లక్ష్మీనరసు శెట్టి గొడవ లేవదీశాడు. ఆయన తెలుగు వర్తకుడు. సొంతంగా ‘క్రెసెంట్’ పత్రిక నడిపినవాడు, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ పెట్టినవాడు. ఆ గొడవ లండన్ పార్లమెంటు దాకా పోయింది. 1854లో ముగ్గురు దొరలతో కమిషన్ వేశారు. బాధలు పడ్డవాళ్లెవరైనా వచ్చి చెప్పుకోవచ్చు, రాలేనివాళ్లు రాసి పంపవచ్చు అని దేశభాషల్లో ప్రకటనలిచ్చారు. రెండు వేలకు దగ్గరగా ఫిర్యాదులు వచ్చాయి. వందల మైళ్లు నడిచి మద్రాసు చేరినవాళ్లున్నారు. 1855లో నివేదిక వచ్చింది. అందులో తప్పంతా కింది దేశీ ఉద్యోగుల మీదకు నెట్టి దొరల్ని బయటపడేశారు. అయినా ఆ నివేదిక మీద నాకు గౌరవం ఉంది. ఫిర్యాదులు ఎన్నో, అవి ఏమిటో అచ్చులో పెట్టారు కాబట్టి, కమిషన్ తేల్చింది తప్పని ఈ రోజు వాళ్ల పుస్తకంతోనే మనం వాదించగలుగుతున్నాం.

అడిగితే ఎవరూ పలకని చోట రాతగాళ్లు ఏం చేశారో, శిస్తు మళ్లీ నిర్ణయించినప్పుడు రాసిన రీసెటిల్మెంట్ రిజిస్టరు చూస్తే తెలుస్తుంది. పట్టాదారు పేరు రాయాల్సిన గడిలో వరసగా చుక్కలు. ఆ రోజు గుమాస్తాకు పేరు దొరకలేదు, అంతే. ఆ చుక్కలే తర్వాత ‘చుక్కల భూములు’ అయ్యాయి. తాతల నాటి నుంచి దున్నుకుంటున్నవాళ్లు అమ్ముకోవాలని పోతే రిజిస్ట్రారు ఆఫీసులో అది నిషేధిత జాబితాలో ఉందని చెప్పేవాళ్లు. కూతురి పెళ్లి ఆగిపోయిన ఇళ్లు నేను చూశాను. చివరికి 2017లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చుక్కల భూముల కోసమే ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. ఒక గడిని ఖాళీగా వదిలినందుకు నాలుగు తరాలు తిరిగారు.

ఇంగ్లీషు ప్రభుత్వం 1889లో ఒకసారి, 1923లో మరింత గట్టిగా అధికార రహస్యాల చట్టం తెచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా దాన్ని తీసెయ్యలేదు. ఆఫీసుల్లో మాకు మొదట నేర్పిన పాఠం ఫైలు బయటివాడి కంటపడకూడదని.

1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాలను ఆర్డినెన్సుతో రద్దు చేసింది. అప్పుడు నేను కుందూ పరివాహకంలో ఒక తాలూకా ఆఫీసులో ఉన్నాను. ఊరి లెక్కలు స్వాధీనం చేసుకు రమ్మని మమ్మల్ని ఊళ్లకు పంపారు. ఎర్రగుడ్డ మూటల్లో దఫ్తరాలు. గుడ్డ ముడి విప్పితే ముక్కిన వాసన, వెండిపురుగులు, చెద తిన్న అంచులు. అడంగళ్లు ఉన్నాయి, చిట్టాలు ఉన్నాయి, కొన్ని ఊళ్లలో కొన్ని ఫసలీలకు, అంటే రెవెన్యూ సంవత్సరాలకు, సంబంధించినవి లేనే లేవు. ఒక ఊళ్లో మేము మూటలు జీపులో పెడుతుంటే జనం చుట్టూ మూగారు. వాళ్లలో ఒక ముసలాయన వచ్చి మూట మీద చెయ్యేసి, ‘ఇంత కాలానికి ఇవి ఇంట్లో నుంచి బయటికొచ్చినాయి, ఒక్కసారి విప్పి సూపియ్యండప్పా’ అన్నాడు. విప్పడానికి మాకు ఉత్తర్వు లేదు. లెక్కలు కరణం ఇంట్లో నుంచి సర్కారు బీరువాలోకి మారాయి. ఊరికి మాత్రం రెండూ ఒకటే దూరం.

బీరువా తలుపు తెరిపించిన పోరాటం మన దగ్గర పుట్టలేదు, రాజస్థాన్‌లో పుట్టింది. అదీ మనలాంటి కరువు నేలే. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘంవాళ్లు 1994 డిసెంబరులో కోట్ కిరానా అనే ఊళ్లో జనాన్ని కూడేసి, కూలి పనుల మస్టర్లు, బిల్లులు అందరి ముందూ చదివారు. కట్టని గోడలకు బిల్లులు, పనికి రానివాళ్లకు కూలి, అన్నీ బయటపడ్డాయి. 1996లో బియావర్‌లో నలభై రోజులు ధర్నా చేశారు. ఆ ధర్నా దగ్గరికి కూరగాయలమ్మేవాళ్లు వచ్చి కూరగాయలిచ్చారు. అక్కడి నుంచి ముసాయిదాల మీద ముసాయిదాలు. 1996లో జస్టిస్ పి.బి. సావంత్ అధ్యక్షుడిగా ఉన్న ప్రెస్ కౌన్సిల్ ఒకటి రాసింది. 2002లో పార్లమెంటు సమాచార స్వేచ్ఛ చట్టం చేసింది కానీ అది ఒక్కరోజు కూడా అమల్లోకి రాలేదు. 2004 డిసెంబరులో కొత్త బిల్లు వస్తే స్థాయీ సంఘం ముందుకు ఉద్యమంలో తిరిగినవాళ్లు పోయి మాట్లాడారు. ఆ మాటలతో బిల్లు గట్టిపడింది. 2005 మేలో ఉభయ సభలు ఆమోదించాయి, జూన్ 15న రాష్ట్రపతి సంతకమైంది, అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. కూలివాళ్లు అడిగి తెచ్చుకున్న చట్టం అంటే ఇదే.

మన రాష్ట్రం ఫీజు విషయంలో మంచి పని చేసింది. గ్రామ స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండలంలో ఐదు రూపాయలు, ఆపైన పది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అసలే లేదు. దరఖాస్తు తెలుగులో రాయొచ్చు, ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. రికార్డును కూర్చుని చూసే హక్కు కూడా చట్టంలోనే ఉంది. మొదటి గంటకు పైసా కట్టక్కర్లేదు.

ఈ చూసే హక్కు వాడుకుని మా ఆఫీసుకు మొదట వచ్చింది దళితవాడ నుంచి ఒకామె. సర్కారు ఇచ్చిన రెండెకరాల డి.కె.టి. పట్టా ఉంది, బ్యాంకులో పంట రుణం ఇవ్వడం లేదు. కొడుకు నోటుబుక్కు కాగితం చింపి దరఖాస్తు రాశాడు. అడంగల్ తీసి బల్ల మీద పరిచాను. ఆమెకు చదువు రాదు. ‘నా పేరు యాడుందో యేలు పెట్టి సూపియ్యి సార్’ అంది. పట్టాదారు గడిలో ఆమె పేరు ఉంది. అనుభవదారు గడిలో అదే ఊరి పెద్ద రైతు పేరు ఉంది. నేను గడి మీద వేలు పెట్టి చదివితే ఆమె ఆ రాతను చాలాసేపు చూసింది. ‘ఇది ఎవురు రాసినారు?’ అని ఒకటే ప్రశ్న. వెనక ఫసలీలన్నీ తిరగేశాం. ఒక ఏడు ఆమె పేరు, మరుసటి ఏడు ఆయన పేరు. మధ్యలో ఏ ఉత్తర్వూ లేదు, ఏ విచారణా లేదు. పేజీకి రెండు రూపాయల చొప్పున నకళ్లు తీసుకుని పోయింది. ఆ నకళ్లు పెట్టి అర్జీ ఇస్తే విచారణ జరిగి ఆ గడి సరిదిద్దారు. నా ఉద్యోగంలో నాకు గుర్తుండిపోయిన పని అదే.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. మా వైపు దాన్ని ఇప్పటికీ కరువు పని అనే అంటారు. ఆ ఏడాదే అనంతపురంలో సామాజిక తనిఖీ మొదలుపెట్టి తర్వాత రాష్ట్రమంతా వ్యాపింపజేశారు. మస్టరు తీసుకుని వాడవాడకూ పోయి, ‘నువ్వు ఈ వారం పనికి పోయినావా, నీకింత కూలి ముట్టిందా’ అని అడగడం, తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందూ చదవడం. చచ్చిపోయినవాళ్ల పేర్లు, బెంగళూరుకు వలస పోయినవాళ్ల పేర్లు మస్టర్లలో దొరికేవి. ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఆ తనిఖీ అంతా నిలబడింది పేర్ల మీద. పేరు చదివితేనే కదా ‘ఆయన పోయి రెండేండ్లయింది’ అని ఊరు చెప్పగలిగేది.

చట్టం వచ్చిన ఏడాదికే దాన్ని సవరించే పని మొదలైంది. 2006 జూలైలో ఫైలు మీద అధికారులు రాసే నోట్సు చూపనక్కర్లేకుండా చెయ్యాలని కేంద్ర మంత్రివర్గం తీర్మానించింది. నోట్సు లేని ఫైలులో నిర్ణయం ఉంటుంది కానీ ఆ నిర్ణయం ఎవరు ఎందుకు చేశారో ఉండదు. దేశమంతా గోల చేస్తే ఆ సవరణ ఆగిపోయింది. 2010 డిసెంబరులో నియమాల ముసాయిదా పెట్టి అభిప్రాయాలు అడిగారు. దరఖాస్తు 250 మాటలు దాటకూడదు, ఒక దరఖాస్తులో ఒకే విషయం ఉండాలి అని. జనం రాశారు. 2012 జూలైలో నియమాలు వచ్చేసరికి 250 కాస్తా 500 అయింది, ఒకే విషయం అన్న షరతు పోయింది, 500 దాటినా ఆ ఒక్క కారణంతో తిప్పి పంపకూడదని కూడా చేర్చారు. రాయడం కొత్తగా నేర్చుకుంటున్నవాడు విషయం సూటిగా చెప్పలేడు, తన కథంతా చెప్పుకుంటాడు. ఆ సంగతి ఢిల్లీలో ఎవరికో అర్థమయ్యేలా జనమే చెప్పారు.

2014 ఫిబ్రవరిలో కేంద్రం ఒక మంచి విధానం కూడా తెచ్చింది. ఏ బిల్లయినా పార్లమెంటుకు పోయే ముందు కనీసం ముప్పై రోజులు ముసాయిదాను జనం ముందు పెట్టాలి, మామూలు భాషలో వివరణ ఇవ్వాలి, వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని అందరికీ కనబడేలా పెట్టాలి. ఇది విధానమే, చట్టం కాదు. తప్పితే అడిగే నాథుడు లేడు.

2017 మార్చి నెలాఖరున మళ్లీ నియమాల ముసాయిదా వచ్చింది. ఏప్రిల్ 15 దాకా గడువు. మాకు దొరికిన ప్రతి ఇంగ్లీషులో ఉంది. ప్రొద్దుటూరులో నలుగురైదుగురు రిటైరైనవాళ్లం, ఇద్దరు వకీళ్లు కూర్చుని చదివాం. పన్నెండో నియమం దగ్గర అందరం ఆగిపోయాం. అప్పీలు చేసినవాడు చనిపోతే కమిషన్ ముందున్న విచారణ అంతటితో ముగిసినట్టేనని ఉంది. అప్పటికే దేశంలో సమాచారం అడిగినందుకు హత్యకు గురైనవాళ్లున్నారు. మా వైపు ఆ నియమం అర్థం కావడానికి ఎవరికీ వివరించి చెప్పాల్సిన పని లేదు. అడిగినవాడు బతికి ఉన్నా లేకున్నా అడిగిన కాగితం ఊరిదే, విచారణ పూర్తిచేసి సమాచారం బయటపెట్టాలి అని తెలుగులో రాసి, వకీలుతో ఇంగ్లీషు చేయించి పంపాం. దేశం నలుమూలల నుంచి ఇలాంటివే పోయాయి. ఆ నియమాలు నోటిఫై కాలేదు.

ఇక 2019 సంగతి. జూలై 19న లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. 22న అక్కడ, 25న రాజ్యసభలో ఆమోదం. జనాన్ని అడగలేదు, పార్లమెంటు కమిటీకి కూడా పంపలేదు. అంతకుముందు కేంద్ర సమాచార కమిషనర్లకు ఐదేళ్ల పదవీకాలం, ఎన్నికల కమిషనర్లతో సమానంగా జీతం చట్టంలోనే రాసి ఉండేవి. సవరణతో వాటిని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించేలా మార్చి, అక్టోబరులో పదవీకాలాన్ని మూడేళ్లకు తగ్గించారు. రాష్ట్ర కమిషనర్లకూ మూడేళ్లే. కేంద్ర సమాచార కమిషనరుగా పనిచేసిన మన తెలుగువాడు మాడభూషి శ్రీధర్ ఆచార్యులు ఈ మార్పును బహిరంగంగా వ్యతిరేకించారు. ఎవరి మీద తీర్పు చెప్పాలో వాళ్ల చేతిలోనే తన జీతం, కాలం ఉన్నప్పుడు ఆ తీర్పు ఎలా ఉంటుందో ఆఫీసులో పనిచేసిన ఎవరికైనా తెలుసు.

మనకు రహస్యాల చట్టం రాసిచ్చిన బ్రిటన్ ఇదే కాలంలో చేసిన పని చూడండి. వాళ్ల సమాచార స్వేచ్ఛ చట్టం కూడా 2005లోనే అమల్లోకి వచ్చింది. పదేళ్లయ్యాక 2015లో దాన్ని సమీక్షించడానికి ఒక కమిషన్ వేశారు. ఫీజు పెడతారని, తలుపులు మూస్తారని అక్కడివాళ్లు భయపడ్డారు. కమిషన్ అభిప్రాయాలు కోరితే ముప్పై వేలకు పైగా వచ్చాయి. 2016 మార్చిలో నివేదిక ఇస్తూ చట్టం బాగానే పనిచేస్తోందని, దరఖాస్తుకు ఫీజు పెట్టనక్కర్లేదని చెప్పారు. మూయడానికే వేశారనుకున్న కమిషన్ కూడా అంతమంది చెప్పింది విన్నాక అలా చెయ్యలేకపోయింది.

మన దగ్గర అసలు దెబ్బ ఇంకో చట్టం చాటు నుంచి వచ్చింది. 2022 నవంబరులో వ్యక్తిగత డేటా రక్షణ బిల్లు ముసాయిదా పెట్టి అభిప్రాయాలు అడిగారు. అందులో ఒక మూల సమాచార హక్కు చట్టం ఎనిమిదో సెక్షన్‌ను మార్చే వాక్యం ఉంది. పైగా వచ్చిన అభిప్రాయాలేవీ బయటపెట్టం అని ప్రకటనలోనే రాశారు. పంపేవాళ్లు స్వేచ్ఛగా చెప్పుకోవాలనట. జనం పంపారు. ఎంతమంది ఆ వాక్యం వద్దన్నారో, ఎందుకు వద్దన్నారో బయటివాళ్లకు తెలియదు. మెకంజీ మనుషులు రాసుకుపోయిన కైఫియత్తులైనా ఏనాటికో ఒకనాడు అచ్చయ్యాయి. 2023 ఆగస్టులో బిల్లు చట్టమైంది, 2025 నవంబరులో ఆ సవరణ అమల్లోకి వచ్చింది.

మారింది కొన్ని మాటలే. పాత 8(1)(జె) ప్రకారం వ్యక్తిగత సమాచారాన్ని ప్రజా వ్యవహారంతో సంబంధం లేనప్పుడు, లేదా అనవసరంగా ఒకరి ఇంటి గుట్టులోకి తొంగిచూసినట్టు అయినప్పుడు మాత్రమే ఇవ్వకుండా ఉండొచ్చు. అప్పుడు కూడా విశాల ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలి. పార్లమెంటుకు, శాసనసభకు ఇవ్వక తప్పని సమాచారం మామూలు మనిషికీ ఇవ్వక తప్పదు అన్న గొప్ప వాక్యం దాని చివర ఉండేది. ఇవన్నీ తీసేసి ‘వ్యక్తిగత సమాచారం’ అని ఊరుకున్నారు. మస్టరులో పేరు వ్యక్తిగతమే, అడంగల్ అనుభవదారు గడిలో పేరు వ్యక్తిగతమే, రేషన్ జాబితాలో పేరూ అంతే. అధికారి ఇవ్వదలచుకోకపోతే ఆ రెండు మాటలు చాలు.

నేనడిగేది పెద్ద కోరికేమీ కాదు. ఈ చట్టాన్ని సమీక్షించాలనుకుంటే 2014లో వాళ్లు రాసుకున్న విధానమే పాటించమనండి. ముసాయిదా తెలుగులో ఇచ్చి, గ్రామ సభలో చదివించి, వచ్చిన అభిప్రాయాలన్నీ అచ్చువేసి, అప్పుడు పార్లమెంటుకు పొమ్మనండి. 2022లో వచ్చినవాటిని ఇప్పుడైనా బయటపెట్టమనండి.

అంతవరకూ మాకు మిగిలింది 8(2). సమాచారం దాచడం వల్ల కాపాడే ప్రయోజనం కంటే ఇవ్వడం వల్ల కలిగే ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చు అన్న ఆ ఉపసెక్షన్ ఇంకా చట్టంలో ఉంది. దరఖాస్తు రాయించుకోవడానికి వచ్చినవాళ్లకు ఇప్పుడు చివర ఒక పేరా అదనంగా రాస్తున్నాను. 8(2)ను ప్రస్తావించి, అడిగిన మస్టరులోనో జాబితాలోనో ఉన్న పేర్లు ఊరికి ఎందుకు తెలియాలో, ఖర్చయిన డబ్బు ఎవరిదో, తనిఖీ జరిగి ఎన్నాళ్లయిందో అందులో పెడుతున్నాను. ఒకప్పుడు ఎందుకు అడుగుతున్నావో చెప్పనక్కర్లేదని ధైర్యం చెప్పి పంపిన మనుషులకే ఇప్పుడు కారణాలు కుదురుగా రాసి సంతకం పెట్టమంటున్నాను. ఫీజు మాత్రం మండలంలో ఇప్పటికీ ఐదు రూపాయలే.